మూడు చప్పట్లు

ఆ ఏడు జులైలో సముద్రాన్ని మూసేశారు. చేపలు గుడ్లు పెట్టుకోవాలి, పిల్లలు పెద్దవి కావాలి, కాబట్టి నెలంతా ఒక్క పడవ కూడా నీళ్ళలో దిగకూడదని ప్రభుత్వం వారి హుకుం. చేపల కడుపు గురించి అంత దూరం ఆలోచించినవాళ్ళకి మా కడుపుల సంగతి తట్టలేదు. చేపలకు పొగబెట్టే మా పొయ్యిల్లో పిల్లులు పడుకునేవి. మగాళ్ళు ఒడ్డున పడవల నీడలో కూర్చుని చిరిగిన వలలు కుట్టుకునేవాళ్ళు, కుట్టడానికి ఏమీ లేకపోతే సారా తాగేవాళ్ళు. నా మొగుడు పొరుగు దేశంలోని అబిడ్జాన్ వైపు పోయి అక్కడి పడవల్లో పనిచేస్తున్నాడు గనక ఆ సంబరం నాకు తప్పింది. మా అమ్మకి తప్పలేదు.

మా నాన్న క్వామెనా ఎజీర్‌కి సొంత పడవ ఉంది. ఆయన ఉండేది తన తల్లిగారింట్లో, మేం ఉండేది మా అమ్మమ్మ ఇంట్లో. మా వైపు అంతే, పెళ్ళయినా ఎవరి పుట్టింట్లో వాళ్ళు ఉంటారు. పెళ్ళాం సాయంత్రం వండి, మూతగిన్నెలో పెట్టి, సందుల్లోంచి నలుగురూ చూస్తుండగా మొగుడింటికి మోసుకెళ్ళాలి. గిన్నె నడుస్తున్నంత కాలం కాపురం నడుస్తున్నట్టు. అందుకు బదులుగా మొగుడి పడవలో పడ్డ చేప పెళ్ళాం చేతికి వస్తుంది, ఆమె పొగబెట్టి కేప్ కోస్ట్ సంతలో అమ్ముకుంటుంది. ఈ ఏర్పాటులో నాకు తప్పేమీ కనబడదు, గిన్నె అందుకునేవాడు మనిషైతే.

మా నాన్నకి పెట్టిందేదీ నచ్చేది కాదు. నచ్చకపోవడం ఆయన మగతనంలో ఒక భాగం. నెల మొదట్లో ఒక సాయంత్రం అమ్మతో నేనూ వెళ్ళాను. నాన్న వాకిట్లో స్నేహితులతో కూర్చుని ఉన్నాడు. అమ్మ గిన్నె దించి, మూత తీసి, పక్కన నిలబడింది. చేప ఎక్కడా దొరకని రోజుల్లో దాచుకున్న ఎండు చేప వేసి వంకాయ పులుసు చేసింది, పక్కన ఉడికించిన పెండలం. నాన్న వేలు ముంచి నాకాడు.

“ఓట్సీవా, ఇది కూర అనుకుని వండావా, పడవకి పూసే తారు అనుకుని వండావా?”

స్నేహితులు పగలబడి నవ్వారు. ఆయన పెండలం ముక్కలు నాలుగు తిని, చేప మొత్తం ఏరుకుని, మిగిలినదాంట్లో చేయి కడిగినంత పని చేసి గిన్నె వెనక్కి తోశాడు. తారు అన్న మనిషి చేప మాత్రం ముల్లు కూడా వదల్లేదు. ఇంటికొచ్చాక అమ్మ ఆ చల్లారిపోయిన పులుసులోనే ఇంత పెండలం ముంచుకుని తిన్నది. ఏళ్ళ తరబడి మా అమ్మ రాత్రి భోజనం అదే, నాన్న వేళ్ళు పెట్టి వదిలేసింది.

“పారబొయ్యి అమ్మా, కుండలో ఇంకా ఉందిగా,” అన్నాను.

“తిండి పారబొయ్యకూడదే,” అంది.

ఆ వారంలోనే అక్రా నుంచి ఏదో సంస్థ వాళ్ళు వస్తున్నారని, మత్స్యకార స్త్రీలందరూ చేపల షెడ్డు దగ్గరికి రావాలని చాటింపు వేశారు. బియ్యం పంచుతారనుకున్నాం. అందరం ఖాళీ బస్తాలు మడిచి చంకన పెట్టుకుని వెళ్ళాం. వచ్చింది మేడమ్ వినిఫ్రెడ్. తెల్లటి బూట్లు, మెడలో ఈల, ముఖం నిండా నవ్వు.

“అమ్మలారా, ఈ నెల మీకు ఖాళీ. ఈ ఖాళీ దేవుడిచ్చిన వరం. ఇన్నాళ్ళూ ఇంటికోసం బతికారు. ఇప్పుడు మీకోసం మీరు లక్ష్యాలు పెట్టుకోవాలి. ఒంటికి ఒకటి, మనసుకి ఒకటి, ఆత్మకి ఒకటి!”

“పొట్టకి?” అని వెనకనుంచి ఎవరో అడిగారు.

“పొట్ట ఒంట్లోకే వస్తుంది ఆంటీ,” అంది ఆవిడ నవ్వుతూ. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అంటే ఏమిటో ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చింది. కళ్ళు మూసుకోమంది. గాలి లోపలికి పీల్చమంది, బైటికి వదలమంది. పొద్దుట్నుంచీ మేం చేస్తున్నది అదే. ఆ షెడ్డు నేలకి పట్టేసిన పాత చేప వాసన ఆవిడ సెంటు వాసనతో కలిసి నా తల తిరిగింది. తర్వాత ఒక్కొక్కరినీ లేపి లక్ష్యాలు చెప్పమంది. ఒకామె నూనె తగ్గిస్తానంది. నూనె ఎక్కడిది నీకు అని అందరం నవ్వాం. ఇంకొకామె ఆత్మ కోసం మొగుడికి చెవుడు రావాలని కోరుకుంటున్నానంది. మేడమ్ వినిఫ్రెడ్ ఒక్కొక్కరికీ చప్పట్లు కొట్టించింది, తలా ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చింది. మేం బిస్కెట్లు ఆ పెద్ద బస్తాల్లో వేసుకున్నాం.

అప్పుడు అమ్మ లేచింది. ఎవరూ లేవమనలేదు. పైట గుడ్డ నడుముకి బిగించుకుని, ఒడ్డున బేరం ఆడేటప్పుడు నిలబడేట్టు నిలబడింది.

“ఒంటికి, నా తిండి నేను వేడిగా ఉండగా తింటాను. ముందు నేను తింటాను. ఆత్మకి, ఆదివారం చర్చిలో ఆఖరి పాట దాకా కూర్చుంటాను. వంటకి టైమైపోతుందని ఇన్నేళ్ళూ మధ్యలోనే లేచి వచ్చేశాను, ఆఖరి పాట ఏం పాడతారో కూడా నాకు తెలీదు. మనసుకి...” అని ఒక్క క్షణం ఆగింది. “మనసుకి, ఎజీర్ ఇంటికి గిన్నె తీసుకెళ్ళను.”

పక్కనున్నామె నా మోచెయ్యి గిల్లింది. ఇదేదో మామూలు లక్ష్యం అనుకున్న మేడమ్ వినిఫ్రెడ్‌కి మాత్రం సంతోషం పట్టలేదు.

“అద్భుతం! ఇంత స్పష్టంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. దీనికి ఉత్త చప్పట్లు చాలవు. అందరూ లేవండి. గట్టిగా, అందరూ కలిసి, ఒకటి! రెండు! మూడు!”

మా ఒడ్డున చేప ధర కుదిరినప్పుడు ఆడవాళ్ళంతా నిలబడి కలిసి మూడు చప్పట్లు కొడతారు. ఆ తర్వాత వర్షమే రానీ, సముద్రమే పొంగనీ, ఆ ధర మారదు. మార్చినవాళ్ళ చేతి నుంచి ఎవరూ చేప కొనరు. ఆవిడకి అది తెలియదు. మాకు తెలుసు. అయినా చేతులు కదిలాయి. అలవాటు కొద్దీ కొట్టామని తర్వాత చాలామంది అన్నారు, నేను నమ్మను. అందరిలోకీ గట్టిగా కొట్టింది ఎఫ్రిబా. మా పొయ్యి పక్కనే ఆమె పొయ్యి. భర్త పోయి, చేప ఇచ్చే పడవ లేక, ఎవరి దగ్గరో కొనుక్కుని పొగబెట్టుకునే మనిషి.

ఇంటికి వస్తూ దారిలో అన్నాను, “అమ్మా, నిజంగానేనా?”

“చప్పట్లు వినలేదా?” అంది.

సాయంత్రం అమ్మ మామూలుగానే వండింది. పామాయిల్ వేడెక్కే వాసన సందు చివరిదాకా వెళ్ళింది. వండాక మూతగిన్నె తియ్యలేదు. ముక్కాలి పీట లాక్కుని, పళ్ళెంలో పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. పులుసు వేడికి నోరు ఉఫ్ ఉఫ్ అంటూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఆగకుండా తింది. మా అమ్మకి అంత వేడి తినడం అలవాటు లేదు.

పొద్దు వాలుతుండగా నాన్న వచ్చాడు. ఆయన మా ఇంటి గడప తొక్కి ఎన్నేళ్ళయిందో. ఒంట్లో బాగాలేదా అని అడుగుతాడేమో అనుకున్నాను. ఆ మాత్రం మర్యాద ఉంటుందని ఆశపడ్డందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

“నా గిన్నె ఏది?”

“తింటున్నాను,” అంది అమ్మ.

“నువ్వు తింటున్నావు సరే. నా గిన్నె ఏది అంటున్నా.”

“ఇవాళ్టి నుంచి లేదు. షెడ్డులో చెప్పాను.”

“ఎవతో బూట్లేసుకుని ఊళ్ళోకొచ్చి గాలి పీల్చమంటే నీకు పిచ్చి పట్టిందా? నలుగురిలో నా పరువు తీస్తావా?”

“నలుగురిలోనే కదండీ, నా కూరని తారు అన్నారు.”

“వేళాకోళం ఆడాను. మొగుణ్ణి, వేళాకోళం కూడా ఆడకూడదా?”

“ఆడండి. కూర లేకుండా ఆడండి.”

నాకు నవ్వు ఆగలేదు. నాన్న నావైపు తిరిగి చూసిన చూపుకి ఆగింది. ఆయన నోట్లోంచి సారా కంపు మా వాకిలంతా నిండింది.

“వినండి తల్లీ కూతుళ్ళిద్దరూ. ఈ నెల పోతే సముద్రం తెరుస్తారు. తిండి ఎటునుంచి వస్తే చేప అటు పోతుంది. అప్పుడు నీ మనసు పొగబెట్టుకుని అమ్ముకుందువు గాని.”

ఆయన వెళ్ళాక అమ్మ పళ్ళెం వైపు చూసింది. “మాట్లాడించి మాట్లాడించి చల్లార్చేశాడు,” అని లేచి, కుండలోంచి ఇంకొంచెం వేడి పులుసు వేసుకుంది.

ఊరు ఊరుకుంటుందా. నీళ్ళ పంపు దగ్గర మేం వెళ్తే మాటలు ఆగిపోయేవి. అమ్మకి వేరే మగాడున్నాడని ఒకరు, కాదు మతిపోయిందని ఒకరు. ఆదివారం చర్చిలో అమ్మ ఆఖరి పాట దాకా కూర్చుంటే, పాట మానేసి తలలు తిప్పి ఆమెనే చూశారు. దేవుడి ముందు కూడా వీళ్ళకి పక్కింటి పొయ్యే ముఖ్యం. నాన్న వెళ్ళి పడవల పెద్ద దగ్గర మొరపెట్టుకున్నాడు. ఆడవాళ్ళని ఇలా చెడగొట్టే సంస్థ ఊళ్ళో ఉంటే ఇంకెన్ని గిన్నెలు ఆగిపోతాయో అని మిగతా మగాళ్ళు కూడా గొంతు కలిపారు. ఆ పెద్దాయన మేడమ్ వినిఫ్రెడ్‌ని పిలిపించి, ఇది సరిచెయ్యకపోతే ఇక మా ఒడ్డున కాలు పెట్టొద్దన్నాడు.

ఆవిడ మర్నాడే మా ఇంటికొచ్చింది. తెల్లబూట్లకి బురద అంటకుండా ఇటుక మీద ఒక కాలు, గడప మీద ఒక కాలు పెట్టి నిలబడింది. నవ్వు సగం అరిగిపోయింది.

“ఆంటీ, మీ పట్టుదల నాకు చాలా నచ్చింది. కానీ లక్ష్యం ఎప్పుడూ చిన్నదిగా ఉండాలి. చేరుకోగలిగేదిగా ఉండాలి.”

“చేరుకున్నాను కదమ్మా.”

“అది కాదు. ఇప్పుడు ఒంటికంటే రోజూ నీళ్ళు ఎక్కువ తాగడం, పొద్దున్నే కాస్త నడవడం, అలాంటివి పెట్టుకోవచ్చు.”

“రోజూ నడిచేదాన్నే, ఎజీర్ ఇంటిదాకా. అదే మానేశాను.”

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. మేడమ్ వినిఫ్రెడ్ గొంతు తగ్గించింది.

“మేం చెప్పింది ఇది కాదు ఆంటీ. ఎవరికీ ఇబ్బంది లేనివి పెట్టుకోమన్నాం. దీన్ని వెనక్కి తీసుకోండి, వేరేది చెప్పండి. దానికీ చప్పట్లు కొట్టిస్తాను.”

“చప్పట్లు ఒక్కసారే అమ్మా.”

“అయ్యో, అవి ఉత్తుత్తి చప్పట్లు!”

“మీ ఊళ్ళో ఉత్తుత్తివి ఉంటాయేమో,” అంది అమ్మ. ఆ ఒక్క మాటలోనే ఆమె కోపం కనిపించింది.

ఆవిడ వెళ్తూ వెళ్తూ నా చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టింది. దాన్ని అక్కడే వాకిట్లో కోళ్ళకి విప్పిపోశాను. నీకోసం నువ్వు బతుకు అని మీటింగు పెట్టి చెప్పిన నోటితోనే, అంత నిజంగా కాదులే అని ఇంటికొచ్చి బతిమాలడం! మా నాన్న దుర్మార్గం కనీసం బహిరంగం. ఈ రకం మీద అసహ్యం నాకు ఇంకా దిగలేదు.

ఆగస్టు మొదట్లో సముద్రం తెరిచారు. తొలి పడవలు ఒడ్డుకి వచ్చేసరికి ఊరంతా ఇసకలోనే ఉంది. నెల రోజుల విరామం తర్వాత చేప బాగా పడింది, పడవల అంచులు నీళ్ళని తాకుతున్నాయి. అమ్మా నేనూ ఖాళీ బేసిన్లతో నాన్న పడవ ఆగే చోట నిలబడ్డాం. ఆయన దిగాడు. మమ్మల్ని దాటి నడిచాడు. “ఎఫ్రిబా!” అని పిలిచి, మొత్తం చేప ఆమెకి కొలిపించాడు. ఎఫ్రిబా మా మొహం చూడకుండా బేసిన్లు నింపుకుంది. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం రాదు, ఆమెకీ పొయ్యి ఉంది. మా నాన్న మాత్రం అందరికీ వినబడేలా, “మనసున్న వాళ్ళకి చేపెందుకు!” అన్నాడు. మళ్ళీ అదే నవ్వు, అదే స్నేహితులు. ఉమ్మేద్దామన్నంత రోత పుట్టింది నాకు.

అమ్మ పక్క పడవ దగ్గరికెళ్ళి, పరాయిదానిలా బేరమాడి, ఒక్క బేసిన్ కొనుక్కుంది. మా పొయ్యిలు నాలుగు. వెలిగింది ఒకటి. అలా వారం గడిచింది, రెండో వారం కూడా గడిచింది. ఎఫ్రిబా చేప తీసుకుంటోంది గానీ గిన్నె మాత్రం పంపలేదు. నాన్న అడిగించాడట. “నేను చేప బేరగత్తెని, ఆయన పెళ్ళాన్ని కాదు,” అని కబురు పంపిందట. ఆయన కూడలిలో బల్ల మీద కూర్చుని పులిసిన మొక్కజొన్న పిండితో చేసే కెంకే ముద్దలు కొనుక్కుని తింటున్నాడని, దారిన పోయేవాళ్ళు పలకరించి మరీ వెళ్తున్నారని విన్నాం. అయినా ఆయన దిగిరాలేదు. మాకు చేప రాలేదు.

చివరికి అర్హిన్ మామ పంచాయితీ పెట్టాడు. అమ్మకి పెద్దన్న, నాకు మేనమామ, మా ఇంటి పెద్ద. మా వైపు మేనమామ మాటంటే తండ్రి మాటకన్నా ఎక్కువ. ఆయన మా వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నాన్న ఎదురుగా కూర్చున్నాడు, మొహం కడుక్కుని, చలవ బట్టలు కట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు.

“ఓట్సీవా,” అన్నాడు మామ, “ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది నీ వరస. కానీ నిలబడి చెప్పావు. మూడు చప్పట్లు పడ్డాయి. నువ్వు మాట వెనక్కి తీసుకుంటే రేపు ఈ ఒడ్డున ధరకే విలువుండదు. నిన్ను తీసుకోమని నేననను.”

అమ్మ తల ఊపింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కడైనా న్యాయం మాట్లాడాడు అనుకున్నాను.

“అలాగని ఎజీర్ పస్తుండలేడు, మన పొయ్యిలు చల్లగా ఉండలేవు. అందుకని ఆలోచించాను. అమ్మ మొయ్యదు. అరబా మోస్తుంది.”

అరబా అంటే నేను.

“మొగుడు ఊళ్ళో లేడు, దీనికి మొయ్యాల్సిన గిన్నె లేదు,” అన్నాడు మామ, ఒక చిక్కుముడి విప్పినవాడి సంతోషంతో. “ఎజీర్ చేప మళ్ళీ మన ఇంటికే ఇస్తాడు. ఎవరి మాటా పోదు. ఏమంటావు ఎజీర్?”

“చేసేదేముంది, పెద్దవారు చెప్పారు,” అన్నాడు నాన్న, ఒప్పుకోవడం కష్టమైనట్టు. ఆయన కళ్ళు మాత్రం అప్పుడే మా వంటింటి వైపు వెళ్ళాయి.

నన్ను ఎవరూ అడగలేదు. ఎంత తేలిగ్గా సర్దేశారో! ఒక ఆడదాని నెత్తి మీంచి బరువు దించడానికి వీళ్ళకి దొరికిన చోటు ఇంకో ఆడదాని నెత్తి. అమ్మ నావైపు చూసింది. ఆమె ఏం చెయ్యబోతోందో నాకు అర్థమైంది. నా మీద పడకుండా, తనే మోస్తానని లేవబోతోంది. ఆమె నోరు తెరిచేలోపు, “సరే మామా,” అన్నాను. అమ్మ ఆ మాట చెప్పకుండా ఆపడానికి నాకు ఇంకో దారి తోచలేదు.

ఆ సాయంత్రం అమ్మ టమాటాలు నూరి, పచ్చి చేప వేసి పులుసు చేసింది. ముందు తను తిన్నది. తర్వాత గిన్నె నింపి నాకిచ్చింది, నా కళ్ళలోకి చూడకుండా. సందులో ఇటువైపు అటువైపు గుమ్మాల్లోకి జనం వచ్చి నిలబడ్డారు. గిన్నె మళ్ళీ నడుస్తోందని ఒకావిడ దేవుడికి దండం పెట్టింది.

నాన్న వాకిట్లో స్నేహితులు సిద్ధంగా ఉన్నారు. గిన్నె దించి మూత తీశాను. వాసన గుప్పున లేచింది. ఇన్నాళ్ళు కూడలి బల్ల మీద ఎండు ముద్దలు మింగిన మనిషి గొంతు ఆ వాసనకి కదిలింది, నేను చూశాను. ఒక్క మంచి మాట చెప్పక్కర్లేదు, నోరు మూసుకుని తింటే చాలు, రోజూ తెచ్చేదాన్ని. ఒట్టు. ఆయన వేలు ముంచి నాకి, స్నేహితుల వైపు తిరిగాడు.

“ఇన్ని రోజులు అలిగితే వంట నేర్చుకుని ఉంటుందనుకున్నాను. చేపని నీళ్ళతో పెళ్ళి చేసి పంపింది.”

వాళ్ళు నవ్వారు. నేను ఆయన ముందున్న గిన్నె నా ముందుకి లాక్కున్నాను. ఆయన గడప మీదే కూర్చున్నాను. వేడి వేడి పులుసులో పెండలం ముంచి తినడం మొదలుపెట్టాను. ఆయన వేలు పెట్టిన వైపు ముట్టుకోకుండా, ఇటువైపు నుంచి.

“ఏంటే ఇది? ఏం చేస్తున్నావు?”

“తింటున్నాను నాన్నా.”

“అది నా గిన్నె!”

“మీకు నచ్చలేదుగా.”

“అరబా! రేపు మీకు చేప ముక్క కూడా దక్కదు!”

“ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోండి,” అని చేప తల చప్పరించాను. స్నేహితుల నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియదు. వాళ్ళలో ఒకడు గుటక మింగిన చప్పుడు వినిపించింది. నేను తొందరపడలేదు. ముల్లు ముల్లుగా ఏరుకుని, పులుసు మొత్తం జుర్రుకుని, ఆయన వేలు పెట్టిన వైపు మిగిలిన కాస్తా వాకిట్లో వాళ్ళ కుక్కకి వేసి, లేచి వచ్చేశాను.

అమ్మ మా గుమ్మం దగ్గరే ఉంది. గిన్నె అందుకుని మూత తీసి చూసింది. అన్నేళ్ళలో ఆ గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది ఆ ఒక్కరోజే. ఆమె మొహం ఒక్కసారిగా మారిపోయింది.

“అంతా తిన్నాడా?”

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

“నేను తిన్నాను. ఆయన గడప మీద కూర్చుని, ఆయన చూస్తుండగా.”

చేప పోయిందని ఆమెకీ తెలుసు. మూత మళ్ళీ పెట్టి, గిన్నె కిందపెట్టింది.

“ఎలా ఉంది?” అంది.

“చాలా బాగుందమ్మా.”

“నాకూ అలాగే అనిపించింది,” అంది అమ్మ.